కవరు చిరిగిన కుర్చీ

నేను చేసే పనేమిటో చెప్పమంటే ఆ రోజుల్లో నాకే సరిగ్గా చెప్పడం వచ్చేది కాదు. కూకట్‌పల్లిలో మేం కిరాయికున్న ఇంటి ఓనరమ్మ ఓ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ అడిగింది. "కంపెనీల్లో మనుషులు ఒకరితో ఒకరు ఎలా పనిచేస్తున్నారో చూసి, ఎక్కడ చిక్కుపడిందో పెద్దవాళ్లకు చెబుతానండీ" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అంటే ఆఫీసుల్లో సీఐడీ అన్నమాట" అంది. కాదన్నాను. ఆవిడ నమ్మలేదు. ఆ తర్వాత మా గుమ్మం ముందుకు వస్తే గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆవిడను తప్పుపట్టను. అనుమానం విషయంలో నేనూ తక్కువదాన్ని కాను. అంతకుముందు బాలానగర్‌లో ఓ ఫ్యాక్టరీలో, వర్కర్ల సెలవులూ తగాదాలూ చూసే ఆఫీసులో పనిచేశాను. అక్కడ ఎవరైనా మామూలు కంటే కాస్త ఎక్కువ వంగి నమస్తే పెట్టారంటే, సాయంత్రానికల్లా ఏదో కొట్లాట కబురు వచ్చి తీరేది. ఎదుటి మనిషి నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించడం అక్కడే అలవాటైంది. ఆ ఉద్యోగం మానేసి, ఒక కోర్సు చేసి, కన్సల్టెంటునని కార్డులు అచ్చేయించుకున్నాక కూడా ఆ అలవాటు పోలేదు. నిజం చెప్పాలంటే నా చదువు కన్నా అదే నాకు ఎక్కువ అన్నం పెట్టింది.

ఒక పంపుల ఫ్యాక్టరీ యజమాని నన్ను పిలిపించింది అప్పుడే. ఆయన ఫ్యాక్టరీ కూడా బాలానగర్‌లోనే, కానీ నేను పనిచేసింది అది కాదు. అందరూ సాఫ్ట్‌వేరు అంటున్నారని ఆయనా ఒక కంపెనీ పెట్టి, మాదాపూర్ రాళ్ల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనంలో కొంత భాగం తీసుకున్నాడు. అక్కడ చేసే పని ఒక్కటే. అమెరికా కంపెనీల పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన చోటల్లా నాలుగంకెలు చేయడం. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడిపోతాయని ప్రపంచమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయం ఉన్నన్నాళ్లే ఆ ఆఫీసుకు పని.

"ఈ పని అయిపోతుందమ్మా. తర్వాత వచ్చే పనికి ఇంతమంది అక్కర్లేదు. వీళ్లలో నాయకత్వం ఎవరికుందో, ఎవరు లేకపోతే పని ఆగిపోతుందో కాస్త చూసిపెట్టండి" అన్నాడు యజమాని. మాట మర్యాదగానే ఉంది. తర్వాత కాఫీ కప్పు కింద పెడుతూ, నేను అడక్కుండానే ఇంకో మాట అన్నాడు. "మా ఫ్యాక్టరీలో వర్కర్లు ఎవరి మాట వింటారో కనిపెట్టడానికి నాకు ఏళ్లు పట్టింది. తెలిశాక పని సులువైంది."

ఏ పని సులువైందో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. కానీ తలంటుకున్నప్పుడు చెవిలోకి పోయిన నీళ్లలా ఆ మాట నాలో గుడగుడలాడుతూనే ఉంది.

ఆయనకో పట్టింపు ఉండేది. కొత్త కుర్చీలన్నిటికీ షాపువాళ్లు వేసిన ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉండాలి. సీటుకూ, వీపు ఆనే చోటుకూ, చేతులకూ కూడా. "కవరు తీస్తే ఆర్నెల్లలో పాతబడిపోతాయి" అని తనే వచ్చి అందరికీ చెప్పి వెళ్లాడట. కొత్త సోఫాకూ, స్కూటరు సీటుకూ, టీవీ రిమోటుకూ కవరు తీయని మనుషులమే మనమంతా, కాబట్టి నాకదేమీ వింతగా అనిపించలేదు. ఆ హాల్లో ఎవరు కదిలినా కరకరమని చప్పుడయ్యేది. కరెంటు పోయి ఏసీ ఆగితే అందరి చొక్కాలూ వీపులకు అతుక్కునేవి. అయినా ఎవరూ కవరు జోలికి పోయేవారు కాదు.

చిన్న మీటింగు గదిలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మాట్లాడటం నా పద్ధతి. ఎవరు ఏం చెప్పినా పైకి పొక్కనివ్వనని ముందే మాటిచ్చేదాన్ని. అవీ ఇవీ ఎన్ని అడిగినా, నాకు అసలు కావలసిన ప్రశ్న ఒకటే. పనిలో ఏదైనా అర్థం కాకపోతే ముందు ఎవరిని అడుగుతారు? ఆ జవాబులను బట్టి ఒక బొమ్మ గీస్తాను. ప్రతి సీటుకూ ఒక సున్నా. అడిగే మనిషి నుంచి చెప్పే మనిషికి ఒక బాణం. బాణాలన్నీ ఏ సున్నా దగ్గర గుమిగూడితే, ఆఫీసు ఆ మనిషి మీద నడుస్తున్నట్టు లెక్క. ఆ మనిషి హోదాకూ దానికీ చాలాసార్లు సంబంధం ఉండదు. అందుకే నాకు ఆ బొమ్మంటే ఇష్టం.

మొదట వచ్చిన కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని, బల్ల కిందికి ఒకసారి తొంగిచూశాడు. టేప్‌రికార్డరు ఏమైనా పెట్టానేమోనని వాడి అనుమానం. నా ప్రశ్న పూర్తికాక ముందే, "మేనేజర్ గారినేనండి" అన్నాడు. తర్వాత వచ్చిన అమ్మాయి చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, "మేనేజర్ గారినే మేడమ్" అంది. నల్లగొండ కుర్రాడొకడు మాత్రం కాస్త దర్జాగా వెనక్కి వాలాడు. "ఏమున్నా మేనేజర్ సార్నే అడుగుతం మేడమ్. ఇంకెవర్ని అడుగుతం?" అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు. అలా అందరూ అదే మాట. బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పి, నేను వెళ్లొచ్చనగానే గబుక్కున లేచిపోయేవాళ్లు.

ఒక్క జవాబు మాత్రం వేరు. హాలు చివర కిటికీ పక్కన కూర్చునే ఆవిడది. అందరికంటే వయసులో పెద్ద, యాభైకి దగ్గర పడుతున్న మనిషి. వరంగల్ వైపు ఒక మిషన్ స్కూల్లో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి, సాయంత్రాలు కంప్యూటర్ కోర్సు చేసి, ఈ పనిలోకి వచ్చింది. ఆఫీసులో అందరూ ఆవిడను టీచరమ్మ అనే పిలిచేవాళ్లు. భర్త పోయాడు, కూతురు నర్సింగ్ చదువుతోంది, ఇల్లు ఆవిడ ఉద్యోగం మీదే నడుస్తోందని మాటల్లో తెలిసింది.

"నేను ఎవర్నీ అడగ మేడమ్. ప్రార్థన జేసుకుంట, మల్లొకసారి చూస్త. సమజైతది" అంది. తర్వాత కళ్లద్దాల పైనుంచి నన్ను చూస్తూ, "ఇంతకీ మీరు ఎవరి మనిషి?" అని అడిగింది. ఎవరి మనిషినీ కానన్నాను. "అట్లెట్లుంటది? ఎవరో ఒకరు పిలిస్తేనే గదా వచ్చిన్రు" అని లేచి వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేకపోవడం వల్ల ఇంకా మండింది.

బొమ్మ గీస్తే బాణాలన్నీ మేనేజరు సున్నాలోకి వెళ్లాయి. నాకు నమ్మకం కుదరలేదు. అంతమంది సందేహాలు తీర్చే మనిషి గొంతు సాయంత్రానికి బొంగురుపోవాలి. ఈయన గొంతు పొద్దున ఎలా ఉందో సాయంత్రమూ అలాగే ఉంది. కాకినాడ వైపు మనిషి, ఎప్పుడు చూసినా ఇస్త్రీ నలగని చొక్కా, ఎప్పుడు చూసినా మూసిన తలుపు. పిల్లలందరికీ ఈయనే జవాబు నేర్పిపెట్టి ఉంటాడని అనుకున్నాను. ఒకరోజు పొద్దున్నే, పిల్లలెవరూ ఇంకా రాకముందు నేను వెళ్లేసరికి, ఈయన టీచరమ్మ సీటు దగ్గర నుంచి గబాలున లేచి వస్తున్నాడు. టీచరమ్మ కంప్యూటరు అప్పటికే వెలుగుతోంది, ఆవిడ మంచినీళ్ల దగ్గరుంది. "ఫైలు కోసమండి" అన్నాడు మేనేజరు, నేను అడక్కుండానే. చేతిలో ఫైలేమీ లేదు. ఆవిడ లేనప్పుడు ఆవిడ సీట్లో ఏదో వెతుకుతున్నాడని తీర్మానించేసుకున్నాను.

ఇలా నేను అందరినీ అనుమానిస్తూ ఉండగానే అసలు ఉపద్రవం వచ్చింది. ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా యజమాని మీటింగు గదిలోకి వచ్చాడు. గోడకు నా బొమ్మ అంటించి ఉంది. పేర్లు రాయలేదు కానీ సున్నాలు సీట్ల వరసలోనే వేశాను కాబట్టి ఆయనకు అర్థమైపోయింది. మేనేజరు సున్నా చూసి తల ఊపాడు. తర్వాత ఆయన వేలు కాగితం మీద జరుగుతూ జరుగుతూ కిటికీ పక్క సున్నా దగ్గర ఆగింది. దానికి రాకా లేదు, పోకా లేదు.

"ఈవిడ ఎవర్నీ అడగదు, ఈవిణ్ణి ఎవరూ అడగరు. ఇంక ఈవిడతో మనకు పనేంటమ్మా?" అన్నాడు.

ఈ బొమ్మ ఇంకా పూర్తికాలేదని, జవాబుల మీద నాకే నమ్మకం లేదని చెప్పాను. "మీరే అడిగారు, వాళ్లే చెప్పారు. ఇంకేం నమ్మకం కావాలి?" అన్నాడు. ఈ నెలాఖరుకు ఆవిడను పంపించేస్తానని, నేను బతిమాలితే ఆ మాట ఆవిడకు చెప్పకుండా ఒక వారం ఆగుతానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ బొమ్మ చించి పారేయాలనిపించింది. చించినా ఆయన కళ్లలో పడింది పడింది.

ఆ సాయంత్రం మేనేజరును నిలదీద్దామని ఆయన గదికి వెళ్లాను. ఆయన ఫోనులో ఉండి, కూర్చోమని సైగ చేశాడు. ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. నేను కూర్చోగానే కవరు ఫెళ్లున మోగింది. లేచి చూశాను. తళతళా మెరుస్తోంది, ఒక్క ముడత లేదు. పక్క కుర్చీకి షాపువాళ్ల స్టిక్కరు కూడా ఊడలేదు. అంతమంది రోజూ వచ్చి సందేహాలు అడిగే గదిలో కుర్చీలు పెళ్లికూతురి పెట్టెలో చీరల్లా ఉన్నాయి. మేనేజరు ఫోను పెట్టేసేలోపే నేను బయటికొచ్చేశాను.

హాల్లో ప్రతి సీటు దగ్గరికీ వెళ్లి చూశాను. అన్ని కవర్లూ కాస్త నలిగాయి, కానీ ఉన్నాయి. కిటికీ దగ్గర టీచరమ్మ కుర్చీ కూడా బాగానే ఉంది. ఆ కుర్చీ పక్కన ఇంకోటి ఉంది, ఎవరిదీ కానిది. దాని సీటు మీద కవరు పీలికలు పీలికలై వేలాడుతోంది. చేతుల మీద అసలు లేనే లేదు. ముందు అంచున గుడ్డ కూడా అరిగి లోపలి స్పాంజి పసుపుపచ్చగా బయటికొచ్చింది.

నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. చప్పుడు కాలేదు.

టీచరమ్మ తలతిప్పి చూసింది. "మీకేం డౌట్ వచ్చింది మేడమ్?" అంది.

"అందరూ మిమ్మల్నే అడుగుతారు కదా. మరి ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ చుట్టూ చూసింది. హాలు దాదాపు ఖాళీ అయింది, కంపెనీ వ్యాను కోసం అందరూ కిందికి దిగుతున్నారు. అప్పుడు ఆవిడ మాటల్లో మేడమ్ పోయి నువ్వు వచ్చింది. "నన్ను బతికించుకుందామని దాచిన్రు. బాలానగర్‌ల మీ సారు చేసింది ఈడ అందరికీ ఎర్కే. నీ అసొంటి ఆయన్నే ఒకర్ని తోల్కొచ్చి, మీరు ఎవరి మాట ఇంటరని వర్కర్లని అడిగిపిచ్చిండు. ఆళ్లు ఖుషీగ ఒకాయన పేరు జెప్పిన్రు. నెల తిరిగినంక ఆయన లేడు. ఎక్కడనో దూరం డిపోకి ఏసిన్రు, ఆయన పోలేక మానేసిండు. గందుకే నువ్వు వస్తున్నవని తెల్వంగనే పిల్లలు మాట్లాడుకున్నరు, టీచరమ్మ పేరు మాత్రం తీయొద్దని."

యజమాని కాఫీ కప్పు కింద పెడుతూ అన్న మాట అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. నెలాఖరు సంగతి ఆవిడకు చెప్పక తప్పలేదు, చెప్పాను. పేరు తీయలేదు కాబట్టే ఆవిడ ఎవరికీ అక్కర్లేని మనిషిగా తేలిందని కూడా చెప్పాను. ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "పాపం పిల్లలు" అంది.

"నేను వెళ్లి నిజం చెప్పనా?"

"చెప్తే ఏమైతది? ఇప్పుడు పనికిరానిదాన్నని తీసేస్తుండు. అప్పుడు అందరూ నా ఎనక ఉన్నరని తీసేస్తడు. నా పేరు నీ నోట్ల నుంచి రావొద్దు. మాటియ్యి."

ఇచ్చాను. ఇంటికి వెళ్తూ బస్సులో నిలబడి ఆలోచించాను. చెప్పకపోతే ఒక గొయ్యి, చెబితే ఇంకో గొయ్యి. మాటిచ్చాను కాబట్టి నోరు విప్పకూడదు. మరి ఆయనకు తెలియాల్సింది ఆయనే చూడాలి. పంపులు తయారుచేసే మనిషి కదా, అరుగుదల చూస్తే తెలియకపోదని నాకొక మొండి ఆశ. చూశాక ఏం చేస్తాడన్నది మాత్రం నా చేతిలో లేదు. అందుకే భయంగా ఉండింది.

వారం పూర్తికాక ముందే ఆయనకు ఫోను చేసి, ఒకసారి ఆఫీసంతా కలిసి తిరుగుదాం రమ్మన్నాను. ఎందుకన్నాడు. నాయకత్వం కాగితం మీద కనిపించడం లేదు, నడిస్తే కనిపిస్తుందేమో అన్నాను. అనుమానంగానే వచ్చాడు.

ముందు మేనేజరు గదికి తీసుకెళ్లాను. ఎదుటి కుర్చీలు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా, మా మేనేజరు ఎంత జాగ్రత్త మనిషో!" అన్నాడు. ముగ్గురం హాల్లోకి నడిచాం. అందరూ లేచి నిలబడ్డారు. వరసలు దాటి కిటికీ దగ్గరికి రాగానే యజమాని ఠక్కున ఆగిపోయాడు. నేను వేలు కూడా చూపించలేదు.

"ఈ కవరు ఎవరు చింపారు?"

ఆయన వంగి, వేలాడే పీలిక ఒకటి పట్టుకుని పైకెత్తాడు. "నేను చెప్పానా లేదా? ఒక్క కుర్చీ కూడా పాడవకూడదని చెప్పానా లేదా?" టీచరమ్మ వైపు తిరిగాడు. "ఇది మీ పక్కనే ఉంది. మీరేనా?"

"అవ్ సార్, నేనే" అంది టీచరమ్మ, రెప్ప వాల్చకుండా.

ఇలా జరుగుతుందని నేను అనుకోలేదు. ఉన్నది చాలక ఆవిడ మీద ఇంకో నేరం వచ్చిపడింది. నోరు తెరవబోయి, ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగాను. అప్పుడు వెనక వరసలోంచి వినిపించింది.

"టీచరమ్మ కాదు సార్. నేను కూసున్న." నల్లగొండ కుర్రాడు. ఈసారి దర్జా ఏమీ లేదు.

"నేనూ కూర్చున్నానండి" అంది చున్నీ అమ్మాయి. "రోజూ కూర్చుంటాను."

"నేను కూడానండి." బల్ల కింద టేప్‌రికార్డరు వెతికిన కుర్రాడు.

ఇక ఒకరి తర్వాత ఒకరు. నేను అడిగినప్పుడు ఒకే అబద్ధం చెప్పిన నోళ్లన్నీ ఇప్పుడు ఒకే నిజం చెబుతున్నాయి. యజమాని చేతిలో ఆ పీలిక అలాగే ఉంది. ఆయన చూపు ఒక్కొక్కరి మీదుగా వెళ్తూ, చివరికి సాయం కోసమన్నట్టు మేనేజరు దగ్గరికి వచ్చింది.

మేనేజరు తల వంచుకున్నాడు. "నేను కూడానండి" అన్నాడు. "పొద్దున్నే, వీళ్లెవరూ రాకముందు."

ఆ మనిషిని నేను ఎన్ని రకాలుగా అనుమానించానో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, ఎక్కడికైనా పారిపోదామనిపించింది. యజమాని వంగి, కుర్చీ అంచున బయటికొచ్చిన స్పాంజిని బొటనవేలితో నొక్కి చూశాడు. మెషిను పిడి ఎంత అరిగిందో చూసే మనిషిలా, తొందర లేకుండా చూశాడు. ఆయనకు అంతా అర్థమైందని తెలుస్తూనే ఉంది. ఏ పని సులువు చేసుకోబోతున్నాడో మాత్రం తెలియడం లేదు. పిల్లల్లో ఎవరూ కూర్చోలేదు.

ఆయన ఆ కుర్చీని కొంచెం ముందుకు లాగి, అందులో కూర్చున్నాడు.

"ఈ పని అయిపోయాక మనం ఏం చేయాలో నాకు తెలియడం లేదమ్మా. కాస్త చెప్పండి" అన్నాడు టీచరమ్మతో.

టీచరమ్మ ఆయన వైపు చూడలేదు. కళ్లద్దాల పైనుంచి నా వైపే చూసింది, మొదటి రోజు చూసినట్టే, నువ్వు ఎవరి మనిషివి అన్నట్టు. ఆ చూపుకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ మెల్లగా తన కుర్చీని ఆయన వైపు తిప్పింది. హాల్లో అందరం నిలబడే ఉన్నాం.